గదిలోని మాట – వీధిలోని చాటింపు
(నెల పాఠము)

పాఠ్యభాగములు: 2 సమూయేలు 11, 12 అధ్యాయములు, ఆదికాండము 9:20-23, లూకా 12:1-3.



మన ఊళ్లలో ఏ రచ్చబండ యొద్ద కూర్చున్నను, ఏ టీ కొట్టునకు వెళ్లినను, పెద్దవారి రహస్యములను గూర్చిన మాటలకు కొదువ లేదు. ఫలాని మంత్రి ఇంత తినెననియు, ఫలాని నాయకునికి మరియొక సంసారము కలదనియు, ఫలాని సర్పంచి బిల్లు మ్రింగెననియు చెప్పుకొందురు. పూర్వము ఒక మాట ఊరు దాటవలెనన్న సంత దినము వరకు ఆగవలసి యుండెడిది. నేడు చేతిలోని ఫోను దానిని క్షణములో జిల్లాలు దాటించుచున్నది. విశ్వాసులమైన మనము ఇట్టి మాటలను ఎట్లు వినవలెను? ఎట్లు పలుకవలెను? మనకే ఒక రహస్యమున్న యెడల దానిని ఏమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలను వాక్యపు వెలుగులో ధ్యానింతము.

1. ఒక రాజు దాచిన సంగతి

దావీదు చేసిన పాపము మనకందరికిని తెలిసినదే. యుద్ధకాలమున ఆయన యెరూషలేములో నిలిచిపోయెను. ఊరియా భార్యయైన బత్షెబను పిలిపించెను. ఆమె గర్భవతియైనదని కబురు రాగా, ఊరియాను యుద్ధమునుండి రప్పించి ఇంటికి పంపజూచెను. అతడు వెళ్లలేదు. మరునాడు మత్తునిగా చేసి చూచెను. అప్పుడును వెళ్లలేదు. చివరకు అతని మరణమును కోరు ఉత్తరమును అతని చేతికే ఇచ్చి యోవాబు యొద్దకు పంపెను.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. మొదటి పాపము ఒక్క రాత్రిది. దానిని కప్పుటకు ఎన్ని దినములు పట్టెను! ఎందరు కావలసివచ్చిరి! పిలువబోయిన దూతలకు కొంత తెలియును. ఉత్తరము చదివిన యోవాబునకు మరికొంత తెలియును. ఊరియాతో కూడ ఏ పాపము నెరుగని మరికొందరు సైనికులును ఆ గోడ యొద్ద కూలిరి. రహస్యమునకు ఒక కాపలా కావలెను. ఆ కాపలాకు మరియొక కాపలా కావలెను. చేసిన తప్పుకంటె దానిని దాచుటకు చేసిన తప్పు పెద్దదాయెను.

అయినను రాజు పేరునకు మచ్చ రాలేదు. యుద్ధములో చనిపోయినవాని విధవరాలిని చేరదీసెనని ఊరివారు మెచ్చుకొని యుండవచ్చును. కాని పదునొకండవ అధ్యాయపు కడవరి మాట చూడుడి: ఆ పని దేవునికి సమ్మతి కాలేదని వ్రాయబడి యున్నది. మనుష్యులయొద్ద మనకున్నది పేరు. దేవునియెదుట మనము ఏమై యున్నామో అదియే మన నిజమైన నడత. ఈ రెండింటికిని నడుమ ఎడము పెరిగినప్పుడే రహస్యము పుట్టును.

2. తన గోడలకు తానే చెవులు పెట్టించుకొనినవాడు

ఇది పాతకాలపు కథయే యని తలంపకుడి. మన కాలములో సమస్త లోకము చూచిన ఒక దృష్టాంతము చెప్పెదను.

రిచర్డ్ నిక్సన్ 1969లో అమెరికా దేశపు అధ్యక్షుడాయెను. ఆయన క్వేకరు భక్తుల ఇంట పెరిగినవాడు. 1971 ఫిబ్రవరిలో తన గదిలో జరుగు సంభాషణలను పట్టు టేపు యంత్రములను ఆయన రహస్యముగా పెట్టించెను. ఆ సంగతి కొద్దిమందికే తెలియును. గోడలకు చెవులుండునని మన పెద్దలందురు. ఆయన తన గోడలకు తానే చెవులు పెట్టించుకొనెను.

1972 జూన్ 17న తెల్లవారకముందే, వాషింగ్టన్ నగరములోని వాటర్‌గేట్ అను కట్టడములో, ప్రతిపక్షపు పార్టీ కార్యాలయమున దొంగతనముగా చొరబడిన ఐదుగురు పట్టుబడిరి. అధ్యక్షుని ఎన్నికల పని చూచువారితో వారికి సంబంధముండెను. ఆ చొరబాటునకు నిక్సన్ ముందుగా ఆజ్ఞ ఇచ్చెననుటకు రుజువు దొరకలేదు. కాని ఆరు దినముల తరువాత, జూన్ 23న, ఆ నేరముమీది విచారణను ఆపించు ఉపాయమునకు ఆయన సమ్మతించెను. ఆ మాటలను ఆయన యంత్రమే పట్టి యుంచెను.

ఆ నవంబరు ఎన్నికలలో 50 రాష్ట్రములలో 49 రాష్ట్రములు ఆయనకే దక్కెను. పేరు ఆకాశము నంటెను. అయితే 1973 జూలై 16న, సెనేటు విచారణ కమిటీ ఎదుట, ఆయన కొలువులో పనిచేసిన ఒక ఉద్యోగి టేపుల సంగతి చెప్పెను. టేపులిమ్మని అడిగినప్పుడు అధ్యక్షుడు ఇయ్యననెను. ఒక టేపులో 18½ నిమిషముల మాటలు చెరిగిపోయి యుండెను. 1974 జూలై 24న సుప్రీంకోర్టులో కేసు విన్న ఎనిమిదిమంది న్యాయమూర్తులును, టేపులు అప్పగింపవలసినదేయని ఏకముగా తీర్పిచ్చిరి. వారిలో ముగ్గురు ఆయన నియమించినవారే. ఆగస్టు 5న జూన్ 23 నాటి మాటలు లోకమునకు వెల్లడియాయెను. ఆగస్టు 9న ఆయన పదవి విడిచెను. అమెరికా అధ్యక్షులలో అట్లు రాజీనామా చేసినవాడు నేటివరకు ఆయన యొక్కడే.

గదిలో చెవిలో చెప్పుకొనినది మిద్దెలమీద చాటబడునని మన ప్రభువు శిష్యులను హెచ్చరించెను. ఆ హెచ్చరికను ఆయన దేనితో మొదలుపెట్టెనో చూడుడి: పరిసయ్యుల వేషధారణ యను పులిసిన పిండితో. కొంచెము పులుపు ముద్దనంతటిని పులియజేయును. నిక్సన్ 1977లో, తాను దేశ ప్రజలను నిరాశపరచితినని ఒప్పుకొనెనే గాని నేరము చేసితినని చెప్పలేదు. ఆయన హృదయము దేవునికే ఎరుక. మనకు కావలసినది ఆయనకు తీర్పు తీర్చుట కాదు. ఆ దారి ఎక్కడికి పోవునో చూచుకొనుట.

3. ఒప్పుకొనిన ఇద్దరు

అదే కొలువులో చార్లెస్ కోల్సన్ అను న్యాయవాది యుండెను. ప్రతిపక్షులను దెబ్బతీయుటలో మహా కఠినుడని పేరు పొందినవాడు. డేనియల్ ఎల్స్‌బర్గ్ అను ఆయన, వియత్నాం యుద్ధమును గూర్చి ప్రభుత్వము దాచి యుంచిన పత్రములను బయటపెట్టగా, 1971లో అవి పత్రికలలో అచ్చాయెను. ఆయనమీద కోర్టులో వ్యాజ్యెము నడచుచుండగా, ఆయన పేరు చెడగొట్టుటకు కోల్సన్ పూనుకొనెను. ఒకని మాటను కాదనలేనప్పుడు వాని పేరును చంపుట లోకములో పాత ఉపాయము.

1973లో కోల్సన్ క్రీస్తు నొద్దకు వచ్చెను. పత్రికలలో అనేకులు నమ్మక ఎగతాళి చేసిరి. 1974 జూన్ 3న ఆయన కోర్టులో నిలువబడి, ఎల్స్‌బర్గ్ పేరు చెడగొట్టజూచి న్యాయమునకు అడ్డుపడిన నేరమును ఒప్పుకొనెను. ఏడు నెలలు జైలులో నుండెను. విడుదలయైన తరువాత ఆ గోడలను మరచిపోలేదు. 1976లో ఖైదీల కొరకు ఒక పరిచర్య ప్రారంభించి, 2012లో మరణించు వరకు దానికే నిలిచెను. ఎగతాళి చేసినవారికి ఆయన మాటలతో గాక యేండ్లతో జవాబు చెప్పెను.

రెండవవారు సువార్తికుడు బిల్లీ గ్రాహం. ఆయన పేరు మన సంఘములలో గౌరవముతో తలంపబడునది. ఆయన నిక్సన్‌కు స్నేహితుడు. 1972 ఫిబ్రవరి 1న అధ్యక్షుని గదిలో ముచ్చటించుచు, యూదులను నిందించు మాటలు పలికెను. 1994లో ఒక అధికారి దినచర్య పుస్తకములో ఆ సంగతి అచ్చుకాగా, తాను అట్లనలేదని చెప్పెను. 2002లో ఆ టేపు బయటికి వచ్చెను. ముప్పది సంవత్సరముల తరువాత ఆయన స్వరమే ఆయనకు సాక్షియై నిలిచెను. అప్పటికాయన వయస్సు 83. ఆ సందర్భము జ్ఞాపకము లేదని చెప్పుచునే, ఆ మాటలకు మిక్కిలి విచారించుచున్నానని బహిరంగముగా క్షమాపణ వేడుకొనెను.

దైవజనుని తప్పు వ్రాయవచ్చునా యని నేను కొంత వెనుదీసితిని. అయితే బైబిలు దావీదు తప్పును దాచలేదు. ఈయనయు తన తప్పును ప్రజలయెదుటనే ఒప్పుకొనెను. లక్షలమందికి సువార్త ప్రకటించిన నోరు కూడ, గొప్పవారి గదిలో, గొప్పవారిని సంతోషపెట్టుటకు జారవచ్చునని మనకు తెలియుట మేలు. అధికారుల గుమ్మము తొక్కు మన సంఘ పెద్దలు దీనిని మరువకూడదు.

4. నాతాను, హాము

ఇక ఇతరుల రహస్యము మన చేతికి చిక్కినప్పుడు ఏమి చేయవలెను? బైబిలులో ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి చూడుడి.

నోవహు మత్తుడై గుడారములో వస్త్రహీనుడుగా పడియున్నప్పుడు హాము చూచెను. చూచి, బయటికి వెళ్లి అన్నదమ్ములకు చెప్పెను. షేము, యాపెతు వెనుకకు నడచి వెళ్లి తండ్రిని కప్పిరి. నాతానుకు కూడ ఒక పెద్దవాని సిగ్గు తెలిసెను. కాని అతడు బయటికి వెళ్లలేదు, లోపలికి వెళ్లెను. రాజు ముఖముమీదనే, ఆ మనుష్యుడవు నీవేయని చెప్పెను. హాము చెప్పిన దానిలో అబద్ధము లేదు. నాతాను చెప్పిన దానిలోను అబద్ధము లేదు. భేదమంతయు ఎవరితో చెప్పిరి, ఎందుకు చెప్పిరి అను దానిలో నున్నది. ఒకడు వినోదమునకు చెప్పెను. మరియొకడు మారుమనస్సునకు చెప్పెను.

కాబట్టి, పాలకుల అన్యాయమును చూచి మౌనముగా నుండుడని వాక్యము చెప్పుట లేదు. మౌనముగా నుండిన యెడల ఊరియా రక్తమునకు ఎవరు జవాబు చెప్పుదురు? గ్రామసభలో లేచి లెక్క చూపుమని అడుగుట నాతాను పని. టీ కొట్టులో గుసగుసలాడుట హాము పని. పెద్దమీద నింద వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే అంగీకరింపవద్దని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 5:19). లేనిపోని మాట పుట్టింపరాదని ధర్మశాస్త్రము ముందే విధించెను (నిర్గమకాండము 23:1). సంఘపు కానుకల లెక్కయు ఇట్లే. అది సంఘము ఎదుట చదువబడిన యెడల గుసగుసకు చోటుండదు.

5. నా స్వంత తప్పిదము

ఇంతవరకు ఇతరుల సంగతి వ్రాసితిని. నా సంగతియు చెప్పుట న్యాయము. నేను పరిచర్య చేసిన ఒక ఊరిలో మంచినీళ్ల ట్యాంకు పని సగములో ఆగిపోయెను. సర్పంచి డబ్బు తినెనని ఎవరో నాతో అనిరి. నేను ఆ మాటను రెండు ఇండ్లలోను, ఒక ప్రార్థన కూటము ముగిసిన తరువాతను చెప్పితిని. నిప్పు లేనిదే పొగ వచ్చునా యని కూడ అంటిని. నాలుగు నెలల తరువాత నిజము తెలిసెను. మంజూరైన డబ్బు పైనుండి రానే లేదు. అంతవరకు జరిగిన పనికి ఆయన తన చేతి డబ్బే పెట్టి యుండెను.

నేను ఆయన ఇంటికి వెళ్లి క్షమింపుమని అడిగితిని. ఆయన కుర్చీ వేసి కూర్చుండబెట్టి, నెమ్మదిగా ఇట్లనెను:

“అయ్యగారూ, మీరు ఆ మాట చెప్పింది పదిమంది ముందు. తప్పని ఒప్పుకుంటున్నది నా ఒక్కడి ముందు. నేను మనసులో పెట్టుకోనులెండి. కాని మా ఇంటిది బోరు దగ్గరికి నీళ్లకు పోవడం మానేసి రెండు నెలలైంది. ఆ పదిమందికి ఎవరు చెబుతారు?”

నాకు మాట రాలేదు. మరునాడు ఆ రెండు ఇండ్లకు వెళ్లి నా మాట తప్పని చెప్పితిని. తరువాతి ప్రార్థన కూటములో లేచి, అందరియెదుట ఒప్పుకొంటిని. అయితే ఆ మాట విన్నవారిలో ఒకరు అప్పటికే పనికై వలస వెళ్లిపోయిరి. ఆ మనిషి నేటికిని నా అబద్ధమునే నమ్మి యుండవచ్చును. తప్పు ఎంత దూరము వెళ్లెనో ఒప్పుదల కూడ అంత దూరము వెళ్లవలెనని ఆ దినమున నేర్చుకొంటిని. అంత దూరము వెళ్లినను కొంత మిగిలిపోవును. అందుచేత నోరు తెరువకముందే జాగ్రత్తపడుట మేలు.

6. మనము చేయవలసినది

అతిక్రమములను దాచువాడు వర్ధిల్లడనియు, ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందుననియు సామెతలు 28:13 బోధించుచున్నది. ఒప్పుకొనుటతో ఆగిపోక విడిచిపెట్టవలెనని కూడ అక్కడ నున్నది. దావీదు నాతాను మాట విని, నేను పాపము చేసితినని చెప్పెను. సాకు చెప్పలేదు, నాతానును చెరలో వేయలేదు. అందుచేతనే రహస్యము బయటపడిన ఆ దినము అతనికి నాశనదినము కాక రక్షణదినమాయెను. తప్పు యొక్క ఫలము అతడనుభవించెను. అయినను దేవుడతనిని త్రోసివేయలేదు.

ప్రియులారా, ప్రతి గదిలోను టేపు యంత్రములు ఉండకపోవచ్చును. అయినను వినువాడొకడున్నాడు. ఆయన వినునది మనలను అవమానపరచుటకు కాదు, స్వస్థపరచుటకే. ఆయన యెదుట నేడే తెరువబడిన హృదయమునకు, రేపు వీధిలో ఏమి చాటింపు జరుగునోయను భయముండదు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. దావీదు రహస్యమును దాచుటలో ఎవరెవరు చిక్కుకొనిరి? ఎవరు నష్టపడిరి?
2. హాము, నాతాను – ఈ వారములో నా మాటలు ఎవరిని పోలి యుండెను?
3. ఒకరిని గూర్చి నేను చెప్పిన తప్పుడు మాటను ఎంతమంది వినిరి? వారియొద్దకు నేను తిరిగి వెళ్లితినా?
4. మన సంఘములో లెక్కలు అందరియెదుట చదువబడుచున్నవా?

ప్రార్థన: ప్రభువా, మా గదులను ఎరిగినవాడా, మేము దాచినదానిని నీయెదుట ఒప్పుకొను ధైర్యము నిమ్ము. ఇతరుల సిగ్గును చూచినప్పుడు షేము, యాపెతుల మర్యాదను, అన్యాయమును చూచినప్పుడు నాతాను ధైర్యమును మాకు దయచేయుము. మావలన పేరు చెడిన వారిని నీవే నిలువబెట్టుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.