బోర్డు పలక్కపోతే ముందు ఆ మూడు బైట్లు చదవండి

మారికుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు వెళ్లి, పొద్దుపోయాక ఇల్లు చేరే పిల్లలను రోజూ చూస్తుంటాను. 2001 ఫిబ్రవరి 28న కోలార్ బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో ఎన్నో ఇళ్లకు ఆ రైలే అన్నం పెడుతోంది. వాళ్లలో డిప్లొమా చేసినవాళ్లున్నారు, ఇంజనీరింగ్ చేసినవాళ్లున్నారు. నరసాపుర వైపు ఫ్యాక్టరీల్లో లైన్ మీద నిలబడేవాళ్లూ కలుస్తుంటారు. "టెస్టింగ్ నుంచి ఫర్మ్‌వేర్‌లోకి ఎట్లా పోవాలన్నా?" అని అడుగుతారు. నేను చెప్పేది ఒకటే. ఒక బూట్‌లోడర్‌కు ఒక ఫ్లాష్ చిప్‌ను మీ చేత్తో పరిచయం చేయండి. ఒక్కటి చాలు, కానీ మొదటి నుంచి చివరిదాకా మీరే చేయాలి.

బోర్డుకు కరెంటివ్వగానే ప్రాసెసర్‌లోని చిన్న రోమ్ కోడ్ లేస్తుంది. అది ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్‌లోంచి బూట్‌లోడర్‌ను తెచ్చుకుంటుంది. బూట్‌లోడర్ మళ్లీ అదే చిప్ దగ్గరికి వెళ్లి లినక్స్‌ను తెస్తుంది. జర్మనీ ఇంజనీర్ వోల్ఫ్‌గాంగ్ డెంక్ నడిపిన బూట్‌లోడర్ పని 2002లో యూ-బూట్ అనే పేరు పెట్టుకుంది. ఈరోజు రౌటర్ల నుంచి పారిశ్రామిక కంట్రోలర్ల దాకా అనేక బోర్డుల్లో ఉన్నది అదే. అందులో ఇలాంటి ఫ్లాష్ చిప్‌లతో మాట్లాడే ఎస్‌పీఐ భాగాన్ని చాలా ఏళ్లు చూసుకున్న మెయింటైనర్లలో జగన్ టేకి ఒకరు.

2021లో చిప్‌ల కరువు వచ్చినప్పుడు నేను పనిచేసే చోట విన్‌బాండ్ ఫ్లాష్ దొరకలేదు. కొనుగోలు విభాగం అదే సైజు, అదే కాళ్ల అమరిక ఉన్న గిగాడివైస్ చిప్ తెప్పించింది. బోర్డులు లైన్ మీదికి వచ్చాయి. ఒక్కటీ లినక్స్ దాకా పోలేదు. సీరియల్ కన్సోల్‌లో యూ-బూట్ మొదలై, ఈ జెడెక్ ఐడీ నాకు తెలియదంటూ మూడు బైట్లు చూపించి ఆగిపోయింది: సీ8, 40, 18.

చిప్‌కు 9ఎఫ్ అనే కమాండ్ పంపితే అది చెప్పే పేరు అది. మొదటి బైటు తయారీదారు: విన్‌బాండ్‌కు ఈఎఫ్, మాక్రానిక్స్‌కు సీ2, గిగాడివైస్‌కు సీ8. రెండోది రకం. మూడోది సైజు. ఇక్కడ హెక్స్‌లో 18 అంటే 24; 2 పైన 24 ఘాతం, అంటే 16 మెగాబైట్లు. యూ-బూట్‌లో ఈ ఐడీల పట్టిక ఒక సీ ఫైలులో ఉంటుంది. చిప్‌కు ఒక వరుస: పేరు, ఐడీ, సెక్టార్ సైజు, సెక్టార్ల లెక్క, అది చేయగలిగే పనుల గుర్తులు.

నేను రెండు రోజులు కూర్చుని కొత్త వరుస రాశాను. మూడో రోజు తెలిసింది, ఆ వరుస పట్టికలో ఎప్పటినుంచో ఉంది. మా బోర్డు కాన్ఫిగరేషన్‌లో గిగాడివైస్ అనే ఆప్షన్ ఆపేసి ఉంది, అంతే. లైన్ ఆగిన ఆ రెండు రోజులు నాకింకా బాధే. అందుకే మీకు మొదటి మాటగా చెబుతున్నాను: కోడ్ ముట్టుకోకముందు పట్టికలో ఐడీ వెతకండి, ఆ తయారీదారు ఆప్షన్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి.

నిజంగానే వరుస లేకపోతే డేటాషీట్ తీయండి. పక్క చిప్ వరుసను కాపీ చేసి ఐడీ మార్చేయడం అందరూ చేసే పనే, దెబ్బ తగిలేదీ అక్కడే. నాలుగు లైన్ల మీద వేగంగా చదవాలంటే క్వాడ్ ఎనేబుల్ అనే బిట్ పెట్టాలి. విన్‌బాండ్‌లో అది రెండో స్టేటస్ రిజిస్టరులో 1వ బిట్. మాక్రానిక్స్‌లో మొదటి రిజిస్టరులోనే 6వ బిట్. బిట్ పెట్టకుండా క్వాడ్ చదవమంటే వచ్చేది చెత్త. కాబట్టి ముందు ఒక్క లైన్ మీద, తక్కువ క్లాక్‌తో పని చేయించండి. అది నిలకడగా వచ్చాకే క్వాడ్ గుర్తు చేర్చండి.

16 మెగాబైట్లు దాటిన చిప్ అయితే ఇంకో గుంట ఉంది. మూడు బైట్ల అడ్రస్ అక్కడితో అయిపోతుంది, ఆపైన నాలుగు బైట్లు కావాలి. చిప్‌ను నాలుగు బైట్ల మోడ్‌లో వదిలేసి బోర్డును రీసెట్ చేస్తే, రోమ్ పాత అలవాటుగా మూడు బైట్లే పంపుతుంది. బోర్డు మూగబోతుంది. కరెంటు తీసి పెడితే మళ్లీ లేస్తుంది కాబట్టి టేబుల్ మీద ఈ తప్పు దొరకదు, కస్టమర్ దగ్గర దొరుకుతుంది. పవర్ స్విచ్‌తోనే కాదు, రీసెట్ బటన్‌తో కూడా టెస్ట్ చేయండి.

టెస్ట్ అంటే చిప్ పేరు తెర మీద కనిపించడం కాదు. ఖాళీగా ఉన్న చోట ఒక సెక్టార్ చెరిపి, అన్నీ ఎఫ్‌ఎఫ్‌లేనా అని చూడాలి. తర్వాత తెలిసిన డేటా రాసి, తిరిగి చదివి పోల్చాలి. రాత 256 బైట్ల పేజీ హద్దు దాటేటట్టు ఒకసారి, చిట్టచివరి సెక్టార్‌లో ఒకసారి చేయండి. సైజు తప్పు రాసి ఉంటే ఆ చివరిలోనే బయటపడుతుంది. బూట్‌లోడర్ ఉన్న మొదటి సెక్టార్ల జోలికి పోవద్దు. అన్నిటికన్నా ముందు చిప్ మొత్తాన్ని ఫైలుగా దాచుకోండి.

ఇదంతా ఇంట్లోనే నేర్చుకోవచ్చు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో సీహెచ్341ఏ ప్రోగ్రామర్, ఎనిమిది కాళ్ల క్లిప్ అడగండి. పాత రౌటర్ ఒకటి, సీరియల్ కేబుల్ ఒకటి ఉంటే పని మొదలైనట్టే. ఒక్క జాగ్రత్త: ఆ ప్రోగ్రామర్లలో కొన్ని డేటా కాళ్ల మీద 5 వోల్టులు ఇస్తాయి, చిప్‌లేమో 3.3వో, 1.8వో తట్టుకునేవి. క్లిప్ పెట్టేముందు మల్టీమీటర్‌తో కొలవండి.

చివరిగా, చేసిన పనిని మీ ల్యాప్‌టాప్‌లోనే దాచుకోవద్దు. మార్పును చిన్న ప్యాచ్‌గా చేయండి. డేటాషీట్‌లో ఏం చూశారో, ఏ బోర్డు మీద ఏం టెస్ట్ చేశారో నాలుగు వాక్యాల్లో రాయండి. చెక్‌ప్యాచ్ నడిపి, మీ పేరుతో సైన్డ్-ఆఫ్-బై వేసి, యూ-బూట్ మెయిలింగ్ లిస్టుకు, మెయింటైనర్లకు కాపీ పెట్టి, ఈమెయిల్ చేయండి. ఇంగ్లిష్ తడబడినా ఫరవాలేదు, లెక్క సరిగా ఉండాలి. సవరించమని తిప్పి పంపితే చిన్నబుచ్చుకోకండి, రెండో రూపం పంపండి. అది చేరిన రోజున దాని లింకును బయోడేటా మొదటి పేజీలో, మార్కుల కన్నా పైన పెట్టండి. ఇంటర్వ్యూలో నేను అటువైపు కూర్చున్నప్పుడు ముందు చదివేది దాన్నే.