తర్కమునకు వస్తువు అవసరమా?

మునేరు పొంగినదనగానే ఎగువసీమలో వాన కురిసినదని నందిగామ ప్రాంతపు రైతు చెప్పును. నదీపూరమును చూచి వృష్టిని ఊహించుట న్యాయదర్శనమునందును అనుమానమునకు ప్రాచీనోదాహరణమే. ఇచ్చట నదియు ఉన్నది, వరదయు ఉన్నది; చిక్కు లేదు. వస్తువే లేనిచోట అనుమానము చెల్లునా?

పదునేడవ శతాబ్దివాడగు అన్నంభట్టు మన తెలుగుదేశీయుడు. ఆయన తర్కసంగ్రహమున ఆకాశతామర ప్రసంగము కలదు. కొలనిలోని తామరవలె ఆకాశతామరయు తామరయే గనుక, దానికిని పరిమళముండునని ఒకడు వాదించెననుకొందము. వాదరూపమున దోషము కానరాదు. తామరలన్నియు పరిమళము గలవనియు, ఇదియు తామరయే యనియు అంగీకరించినచో ఫలితము తప్పదు. అయినను నైయాయికుడు దీనిని హేత్వాభాసమనును. ఆశ్రయాసిద్ధమని దీని పేరు. హేతువు నిలుచుటకు చోటే లేదుగదా!

ఆధునిక తార్కికుడు ఇట్లనడు. ఆధారవాక్యములు సత్యములై ఫలితవాక్యము అసత్యమగుటకు వీలులేనిచో వాదము చెల్లినట్లే; ఆధారము అసత్యమగుట వేరుమాట. ఆలస్యముగా వచ్చినవారందరు జరిమానా చెల్లింపవలెనను నియమము, ఏ ఒక్కడును ఆలస్యము చేయని సంవత్సరమునందును నియమమే. నా అభిప్రాయమున వీరిరువురును ఒకే ప్రశ్నకు సమాధానము చెప్పుటలేదు. ఒప్పుకొన్నదానినుండి ఏమి వచ్చునని ఆధునికుడును, వాదమువలన యథార్థజ్ఞానము కలుగునా యని నైయాయికుడును విచారించుచున్నారు.

అరబీ మంతిఖ్ చదివిన మిత్రులకు అన్కా పక్షి పరిచితమే. పేరేగాని పక్షి లేదు. విధివాక్యము సత్యము కావలెనన్న మౌజూ, అనగా ఉద్దేశ్యము, ఉండితీరవలెనని ఆ శాస్త్రజ్ఞుల సూత్రము. నిషేధవాక్యమునకు ఆ నిర్బంధము లేదు. కావున బాహ్యలోకమును గూర్చి “అన్కా ఎగురును” అనుట అసత్యము. “అన్కా ఎగురదు” అనుట సత్యము! అయితే ఇబ్న్ సీనా (980–1037) సంప్రదాయము మనస్సునందలి ఉనికిని కూడ గుర్తించినది. ఆకాశతామరకు నైయాయికుడు ఆపాటి చోటైనను ఈయలేదు.

ఆచార్య నాగార్జునుడు ఈ ప్రశ్ననే తలక్రిందులు చేసెను. దేనికిని స్వభావము లేనిచో నీ వాక్యమునకును లేదు, అది దేనిని ఖండింపగలదని విగ్రహవ్యావర్తనిలో ప్రతివాది నిలదీయును. స్వభావము లేకుండుట ఉనికియే లేకుండుట కాదనియు, బండి, కుండ, వస్త్రము పరాధీనములయ్యు తమ పని చేయుచున్నవనియు, తన వాక్యమును అట్టిదే యనియు ఆయన ప్రత్యుత్తరము.

ఆ నాగార్జునుడు మావాడేయని జగ్గయ్యపేట వైపు సభలలో వినబడుచుండును. ధనంబోడు స్తూపమును జేమ్స్ బర్జెస్ 1882లో పరిశోధించి 1887లో గ్రంథము ప్రకటించెను. అచ్చటి యొక శాసనమున నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడనియు, అతని శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధప్రతిమను నెలకొల్పెననియు కలదు. ఇచ్చట ఆశ్రయము సిద్ధమే. రాయి కన్నులకెదుట నిలిచినది. కాని నాగార్జున నామధారులందరు మాధ్యమికాచార్యులే యను వ్యాప్తి ఎక్కడిది? ఇది సవ్యభిచార హేతువు. పైగా శాసనలిపి ఆరవ శతాబ్ది ప్రాంతపుది. మాధ్యమికాచార్యుడు రెండవ, మూడవ శతాబ్దులనాటివాడు. శాసనము రుజువు చేయునది వేరొకటి: ఇక్ష్వాకుల కాలము గడచిన చిరకాలమునకును ఈ మెట్టసీమలో బౌద్ధ గురుపరంపర యొకటి మూడు తరములు నిలిచియుండెను.