దారిలో వినిపించిన చప్పుడు

రెండేండ్లకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి సమీపించగానే ఓరుగల్లు ప్రాంతపు దారులన్నీ మేడారం వైపు సాగుతాయి. జనగామ జిల్లా తరిగొప్పుల నుండి కూడా సమ్మక్క సారలమ్మల దర్శనానికి జనం బయలుదేరుతారు. 2016లో మండల కేంద్రమైన ఈ ఊరి నుండి జనగామకు వచ్చి, 163వ నంబరు జాతీయ రహదారిని అందుకొని, హన్మకొండ, ములుగు, పస్రా, తాడ్వాయిల మీదుగా పోవాలి. బస్సులున్నా యువకులు మోటారు సైకిళ్లనే ఇష్టపడతారు. ఇంటివద్ద లేని చప్పుడు ఒకటి నడిదారిలో వినిపిస్తే ఏం చేయాలి? ములుగు దాటి కొంత దూరం పోయిన తరువాత అడవి చిక్కబడుతుంది. అక్కడ బండి ఆగిపోతే మరమ్మతు చేసేవారు సులభంగా దొరకరు. కనుక ఈ ప్రశ్నకు సమాధానం అంతకు ముందే వెతుక్కోవాలి.

చప్పుడు వినగానే పానా అందుకోవడం చాలామందికి అలవాటు. నిజానికి విప్పడం కన్న వినడం ముందు జరగాలి. ఇంజనులో పుట్టిన శక్తి మొదట క్లచ్చిని, ఆపై గేరుపెట్టెను దాటి, చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతుంది. ఆ పళ్లచక్రం చైనును లాగుతుంది. చైను వెనుకనున్న పెద్ద పళ్లచక్రాన్ని, దానితోపాటు బండి చక్రాన్ని తిప్పుతుంది. ఈ దారిలో ఎక్కడ లోపమున్నా చప్పుడు వస్తుంది. కాని బండిపై కూర్చున్నవాని చెవికి అన్నీ ఒక్కచోటి నుండే వస్తున్నట్లు తోస్తాయి. చెవి చేసే ఈ మోసాన్ని దాటడానికి సాధనం ఒక్కటే: చప్పుడు దేనితో పాటు మారుతున్నదో గమనించడం. ఇంజను వేగంతో మారుతున్నదా, చక్రం వేగంతో మారుతున్నదా, లేక బరువుతో మారుతున్నదా?

ఇద్దరు మిత్రులు జాతరకు పోతూ హన్మకొండలో ఒక మెకానిక్కు వద్ద ఆగినారనుకుందాం. జనగామ దాటినప్పటి నుండి బండి వెనుక భాగంలో ఏదో మూలుగుతున్నట్లు వినిపిస్తున్నది. అనుభవజ్ఞుడైన ఆ మెకానిక్కు బండిని ముట్టుకోకుండానే ప్రశ్నలు మొదలుపెడతాడు.

“న్యూట్రల్‌ల పెట్టి రేజ్ చెయ్యి తమ్మీ. సప్పుడు ఉన్నదా?”

“లేదన్నా.”

“నడుస్తున్నప్పుడు క్లచ్చి పట్టి చూసినవా?”

“చూసిన. కొంచెం తగ్గుతది గని పోదు.”

“దోస్తును దించి నువ్వొక్కనివే ఓ చక్కరు కొట్టి రా.”

బండి తిరిగి వచ్చేసరికి మూలుగు లేదు. “ఇంటికాడ బండికి ఏమన్న పని చేసినవా?” అని అతడు అడుగుతాడు. “చైను వదులైందని నిన్న నేనే బిగించిన అన్నా.”

రోగం దొరికింది. ఒక్కొక్క ప్రశ్న కొన్ని భాగాలను నిర్దోషులని తేల్చింది. ఆగి ఉన్న బండిలో ఇంజను వేగం పెంచినా చప్పుడు రాలేదు గనుక అనుమానం ఇంజను నుండి తొలగింది. క్లచ్చి పట్టి ఇంజను బలాన్ని తప్పించినా పోలేదు గనుక చక్రంతో పాటు తిరిగేదానిలోనే లోపం ఉన్నది. బరువు దిగగానే పోయింది గనుక చక్రపు బేరింగు కన్న చైనుపై అనుమానం బలపడింది. వెనుక మనిషి కూర్చుంటే స్ప్రింగులు అణగి, చక్రం బండి వైపు పైకి జరుగుతుంది. అప్పుడు రెండు పళ్లచక్రాల మధ్య దూరం పెరిగి చైను మరింత బిగుస్తుంది. ఖాళీ బండిపై ఎక్కువగా బిగించిన చైను ఇద్దరి బరువుకు తీగలా బిగుసుకొని మూలుగుతుంది. అట్లే వందల కిలోమీటర్లు నడిపితే గేరుపెట్టెలోని బేరింగు అరుగుతుంది. చైనే తెగినా తెగవచ్చు. తెగిన చైను చక్రానికి చుట్టుకుంటే వేగంగా పోతున్న బండి ఒక్కసారిగా బిగుసుకొని, ఇద్దరినీ రోడ్డుపైకి విసిరివేస్తుంది. అందుచేత చైనుకు ఎంత వదులు ఉండాలో తయారీదారు పుస్తకంలో చూసి అంతే ఉంచాలి. సరిచేసేటప్పుడు రెండు వైపుల గుర్తులు సమానంగా ఉండాలి. లేకుంటే చక్రం వంకరగా నిలుస్తుంది.

టక్కుటక్కుమని తెరపి ఇచ్చి వచ్చే చప్పుడుకు లెక్క సహాయపడుతుంది. ఒక బండికి ముందు 14 పళ్లు, వెనుక 42 పళ్లు, చైనుకు 104 లింకులు ఉన్నాయనుకుందాం. చక్రం ఒకసారి తిరిగితే చిన్న పళ్లచక్రం మూడుసార్లు తిరుగుతుంది. చైను మాత్రం పూర్తిగా ఒక చుట్టు రావడానికి చక్రం దాదాపు రెండున్నర సార్లు తిరగాలి. ఇంజను ఆపి, టైరుపై సుద్దముక్కతో గీత గీసి, బండిని చేతితో నెట్టుతూ లెక్కించవచ్చు. గీత కిందికి వచ్చిన ప్రతిసారీ టక్కుమంటే టైరులో మేకు ఉన్నదో, బ్రేకు ఒకచోట రాసుకుంటున్నదో చూడాలి. రెండున్నర చుట్లకొకసారి అయితే చైనులో ఏదో లింకు తుప్పుపట్టి వంగడం లేదు. ఒక్క చుట్టుకు మూడుసార్లయితే చిన్న పళ్లచక్రాన్ని పరీక్షించాలి. ఎనిమిదో తరగతి భాగహారం ఇంత పనికివస్తుందని ఆ తరగతిలో ఎవరూ చెప్పరు! ఇంజను నడుస్తుండగా మాత్రం చైను దగ్గరికి వేలు పోనీయరాదు.

వినికిడితో రోగనిర్ణయం వైద్యంలోనూ ఉన్నది. ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1816లో చుట్టిన కాగితపు గొట్టంతో రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అట్లా పుట్టింది. మన మెకానిక్కులు పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుపై ఆనించి, పిడిని చెవికి చేర్చుకుంటారు. పని ఒకటే.

దారే లేని మంచుదేశాలలో ఈ విద్య ప్రాణావసరం. కెనడాలోని వాల్‌కోర్ట్‌కు చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ బాల్యం నుండే మంచుపై నడిచే బండి కోసం ప్రయత్నించాడు. 1934లో మంచు దారిని మూసివేయగా, సకాలంలో ఆసుపత్రికి చేర్చలేక రెండేండ్ల కుమారుణ్ణి కోల్పోయాడు. 1937లో మంచుబండిని నడిపించే పట్టీకి పేటెంటు పొందాడు. 1959లో ఆయన సంస్థ నుండి స్కీ-డూ వెలువడింది. నేటి మంచుబండ్లలో సాధారణంగా ఇంజను శక్తి రెండు కప్పీల మధ్య తిరిగే బెల్టు గుండా పోతుంది. 1984లో మన దేశానికి వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరులోనూ ఆ ఏర్పాటే ఉండేది. అరిగిన బెల్టు కీచుమంటుంది, జారుతుంది, కాలిన రబ్బరు వాసన వేస్తుంది. అందుకే దూరం పోయేవారు అదనపు బెల్టును వెంట ఉంచుకుంటారు.

తిరిగి మన రహదారికి వద్దాం. గరగరమనే చప్పుడు వేగంతో పెరుగుతుంటే బండికి నడిమి స్టాండు వేసి, వెనుక చక్రాన్ని రెండు చేతులతో పట్టి పక్కకు ఊపి చూడాలి. కదలిక ఉంటే బేరింగు చెడినట్లే. అప్పుడు మెల్లగా పోదామనే ఆలోచన కూడదు. బండిని ట్రాలీలో వేయించి మరమ్మతుకు చేర్చాలి. కదలిక లేక, చైను కేవలం ఎండిపోయి కిర్రుమంటున్నదైతే కొంచెం నూనె వేసి సాగిపోవచ్చు. పెద్ద పళ్లచక్రం వెనుక వైపున చైనును పట్టి లాగితే సగం పన్ను బయటపడుతున్నదంటే అది అరిగిపోయింది. ఒక్క చైనును మార్చితే పాత పళ్లు కొత్త చైనునూ త్వరగా అరగదీస్తాయి. పళ్లచక్రాలతో సహా మొత్తం సెట్టు మార్చాలి. చైను లాకు క్లిప్పును తిరిగి బిగించేటప్పుడు దాని మూసి ఉన్న కొన చైను కదిలే దిశకే ఉండాలి.