చాలు అనగలగడమూ సాధనే

మంజీర ఒడ్డున నల్లపోచమ్మ గుడికి పేరుపడ్డ ఊరు బోరంచ. నారాయణఖేడ్ వైపు పల్లెలన్నిటిలాగే ఇక్కడా పొద్దంతా చేనుపనే. చేనుపనికి అలిసిన ఒంటికి యోగా నేర్పే తీరు వేరుగా ఉండాలి. పత్తిచేలో కలుపు తీసి వచ్చిన మనిషి నడుము అప్పటికే గంటల తరబడి ముందుకు వంగి అలిసిపోయి ఉంటుంది. సాయంత్రం పశ్చిమోత్తానాసనమని దాన్ని మళ్లీ ముందుకే లాగితే ఉన్న నొప్పి పెరుగుతుంది. ముందు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి కాసేపు నడుమును వదిలెయ్యాలి. తర్వాత బోర్లా తిరిగి, భుజంగాసనంలో ఛాతీని కొద్దిగా లేపితే చాలు.

చాలామందికి దెబ్బ తగిలేది పోటీ వల్లే. పక్కవాళ్ల తల మోకాలికి ఆనిందని మనమూ ఆనించబోతాం, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. 2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినోత్సవమని మైదానాల్లో అందరూ కలిసి ఆసనాలు వేస్తున్నారు. ఆ ఉత్సాహం మంచిదే. కానీ అంతమంది నడుమ ‘నాకు ఇంతవరకే’ అని ఆగగలగాలంటే గుండెధైర్యం కావాలి. నా దృష్టిలో వ్యక్తిత్వ వికాసం అక్కడే మొదలవుతుంది. పతంజలి చెప్పిన యమాల్లో, అంటే పాటించాల్సిన కట్టుబాట్లలో, మొదటిది అహింస. అది మన మోకాలికీ వర్తిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

పద్మాసనమే చూడండి. కాలు తిరగాల్సింది తుంటి దగ్గర. మోకాలు ముఖ్యంగా మడవడానికి, చాపడానికి ఉన్న కీలు. తుంటి తిరగకుండానే పాదాన్ని చేత్తో లాగి తొడ మీద పెడితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. లోపల చురుక్కుమంటే వెంటనే పాదం దించాలి. గొంగడి మడిచి పిరుదుల కింద వేసుకుని సుఖాసనంలో కూర్చుంటే లోటేమీ లేదు. బెల్టులు, దిమ్మెలు వాడి ఆసనాలు నేర్పిన బి.కె.ఎస్. అయ్యంగార్ లాంటి మహాగురువే ఆసరా తీసుకోవడాన్ని తక్కువగా చూడలేదు.

ఎక్కడ ఆగాలో ఊపిరి చెబుతుంది. ఆసనంలో శ్వాస బిగిసినా, తెగినా హద్దు దాటినట్టే. ప్రాణాయామం తప్పుగా చేస్తే ఎక్కిళ్లు, ఆయాసం, దగ్గు, తలనొప్పి వస్తాయని హఠయోగ ప్రదీపిక ఏనాడో హెచ్చరించింది.

ఫోన్ వీడియో చూసి నేర్చుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అందులోని గురువు మనకు కనిపిస్తాడు, మనం ఆయనకు కనిపించం. మెడ మీద బరువు పడే శీర్షాసనం, సర్వాంగాసనం అలా నేర్చుకోకూడదు. బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లకోమా ఉన్నవాళ్లు తలకిందుల ఆసనాల జోలికే వెళ్లకూడదు. గర్భం, పాత ఆపరేషన్, నడుంనొప్పి ఏదున్నా మొదటి రోజే గురువుకు చెప్పాలి. వీపు మీద చెయ్యి వేసి నొక్కబోతే ‘వద్దు సార్’ అనడం అమర్యాద కాదు. నడుము నుంచి కాలిలోకి నొప్పి పాకినా, తిమ్మిరెక్కినా ఆసనాలు ఆపి డాక్టరుకు చూపించుకోండి.