చోడిరొట్టె – పెరటికోడి

అరసవల్లి పరిసరాలలో రాగులను చోళ్లు అంటారు. గోధుమపిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ చోడిపిండిలో లేదు. అందుచేతనే మన తల్లులు దానిని మరిగిన నీటితో కలిపి, అరచేతితో తట్టి, పెనంమీద కాలుస్తారు. వేడినీటికి పిండిపదార్థం ఉబ్బి జిగురెక్కడమే ఇందలి శాస్త్రం.

చెరగగా మిగిలిన నూక, తవుడు పెరటికోళ్ల పాలవుతాయి. పొదిగే పెట్ట కింద పది పన్నెండు గుడ్లుంచితే 21 రోజులకు పిల్లలు బయటపడతాయి. ఏడవనాటి రాత్రి గుడ్డును దీపానికి అడ్డుపెట్టి చూడాలి. ఎర్రని నరాల వల కనిపిస్తే పిండం ఉన్నట్లు, తేటగా ఉంటే లేనట్లు.

ఈ శ్రమ అంతా రాణిఖేత్ అనబడే కొక్కెర తెగులుతో కొద్దిరోజులలోనే మట్టిపాలు కావచ్చు. దానికి చికిత్స లేదు, నివారణే ఉంది. మొదటి వారంలో పిల్ల కంటిలో లసోటా టీకా చుక్క వేయించాలి. పశువైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించాలి. టీకాను మంచులో ఉంచి తేవాలి. వేడి తగిలితే నిష్ఫలం.

గుడ్లమ్మిన సొమ్ము అనేక గృహాలలో స్త్రీల స్వంత ఆదాయం. రొట్టె తట్టడం వారికి మనం నేర్పనక్కరలేదు. టీకా సంగతి మాత్రం చదువుకున్న మనమే ఇంటికి చేర్చాలని విద్యార్థులకు మనవి చేస్తున్నాము.