పాల బిల్లు లాభం కాదు – ఈతకు ఈత లెక్క చూడండి



కొన్నేళ్ళ క్రితం ఒక సంఘంలో లెక్కల తనిఖీకి వెళ్ళినప్పుడు, ఒక సభ్యుడు రెండో గేదె కోసం అప్పు దరఖాస్తు పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "అయ్యా, ఉన్న గేదె మీద దాణా, మేత పోను నెలకు 4,800 మిగులుతోంది. వాయిదా 3,250 కట్టినా ఇంకా చేతిలో ఉంటుంది" అన్నాడు. పాస్ పుస్తకం చూశాను. అతను చెప్పింది అబద్ధం కాదు. సిఫారసు రాసి సంతకం పెట్టాను. ఆ లెక్కలో లోపం అతనిదే కాదు, నాది కూడా. అదేమిటో ఈ పాఠంలో చెబుతాను. ధరలు ఇప్పటివిగా మార్చి, అంకెలు గుండ్రంగా వేశాను. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

మనకు కనబడే లెక్క

గేదె సంఘానికి సగటున రోజుకు 5 లీటర్లు పోస్తోంది. లీటరు 60 చొప్పున 300 రూపాయలు. దాణా 4 కిలోలు, కిలో 25 చొప్పున 100. పచ్చిమేత, ఎండుగడ్డి కలిపి 40. రోజుకు మిగిలేది 160. నెలకు 4,800. పదిహేను రోజుల బిల్లు చూసుకొని మనం వేసే లెక్క ఇదే.

మనకు కనబడని లెక్క

గేదె ఏడాదంతా పాలివ్వదు కాని, ఏడాదంతా తింటుంది. ఆ సభ్యుని గేదె 280 రోజులు పాలిచ్చి, 170 రోజులు వట్టిపోయి ఉండేది. అంటే ఈతకూ ఈతకూ మధ్య 450 రోజులు. లెక్క ఆ 450 రోజులకూ వేయాలి.

రాబడి: 280 రోజుల పాలకు 84,000.

ఖర్చు: పాడి రోజుల దాణా 28,000. వట్టి రోజుల్లో కిలోన్నర చొప్పున దాణా 6,375. మొత్తం రోజులకు మేత 18,000. మందులు, సూదులు, లవణ మిశ్రమం, బీమా కలిపి 5,000. మొత్తం 57,375.

మిగులు 26,625. దీన్ని 450 రోజులకు పంచితే రోజుకు 59 రూపాయలు. నెలకు సుమారు 1,775. మనం అనుకున్నది 4,800! తెల్లవారుజామున లేచి పేడ తీసి, పాలు పితికే ఇంటి ఆడవారి కష్టానికి ఇందులో కూలి కట్టలేదు.

ఇప్పుడు 90,000 అప్పుతో రెండో గేదె తెచ్చామనుకోండి. మూడేళ్ళ గడువు, నూటికి ఏడాదికి 10 వడ్డీ అయితే మొదటి నెల వాయిదా 3,250. రెండు గేదెల అసలు మిగులు కలిపితే 3,550. ఇంటికి మిగిలేది 300.

ఆ సభ్యునికి అంతకన్నా కష్టం వచ్చింది. రెండు గేదెలూ ఒకే ఎండాకాలంలో వట్టిపోయాయి. పాల బిల్లు నిలిచిపోయింది. మేత, దాణా, వాయిదా కలిపి నెలకు ఏడున్నర వేలు దాటింది. చివరకు మూడు నెలల్లో ఈనవలసిన పాత చూడిగేదెను తక్కువ ధరకు అమ్మేశాడు. ఆ రోజు ఆ ఇంటి ఇల్లాలు పలుపు విప్పనివ్వకుండా చాలాసేపు గాటి దగ్గరే నిలబడిందట. ఆ మాట విన్న తరువాత ఈ లెక్క వేయించకుండా నేను ఏ దరఖాస్తుకూ సిఫారసు రాయలేదు.

చేయవలసిన పనులు

1. రెండో గేదెకన్నా ముందు వట్టి రోజులు తగ్గించండి. వట్టిపోయిన గేదె ఒక రోజు తిండి సుమారు 78 రూపాయలు. గేదె 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. ఒక ఎద తప్పిపోతే సుమారు 1,600 పోయినట్లే. చాలా గేదెలు ఎదలో అరవవు, వేసవిలో మరీను. తెల్లవారుజామున, రాత్రిపూట తీగ వేసిందేమో చూడండి. సూది వేయించిన మూడో నెలలో చూడి పరీక్ష చేయించండి. ఈనిన 90 రోజులకు చూలు కడితే ఈతకూ ఈతకూ మధ్య 400 రోజులే. అప్పుడు రోజు మిగులు 59 నుంచి 76కు పెరుగుతుంది. దీనికి అప్పు అక్కరలేదు.

2. బిల్లు వచ్చినప్పుడల్లా 700 పక్కన పెట్టండి. పైన చెప్పిన 170 వట్టి రోజుల ఖర్చు 13,175. పాడి ఉన్నప్పుడు బిల్లుకు 700 చొప్పున దాస్తే ఆ ఖర్చు దాదాపుగా తీరుతుంది. వట్టిపోయింది గదా అని దాణా మానకండి. చూలు చివరి రెండు నెలల్లో పెట్టిన తిండి వచ్చే ఈత పాలలో కనబడుతుంది.

3. రెండో గేదెను కొనే వేళ చూసి కొనండి. మొదటిది ఈనిన నాలుగైదు నెలలకు రెండోది ఈనేటట్లు చూసుకుంటే, ఒకటి వట్టిపోయినా రెండోదాని బిల్లు ఇల్లు నడుపుతుంది.

4. అప్పు ఎందుకో తెలిసి తీసుకోండి. కిసాన్ క్రెడిట్ కార్డును 2018–19లో పశుపోషకులకు కూడా వర్తింపజేశారు. అది దాణా, మేత, మందుల వంటి రోజువారీ పెట్టుబడికి. గేదెను కొనడానికి వేరే అప్పు తీసుకోవాలి. వాయిదాలు పాడి ఉన్న నెలల్లో ఎక్కువగా, వట్టి నెలల్లో తక్కువగా ఉండేటట్లు ముందే అడగండి.

5. కొన్న రోజే బీమా చేయించండి. చెవి పోగు ఊడితే వెంటనే తెలియజేసి కొత్తది వేయించండి. పోగు లేకుంటే పరిహారం రావడం కష్టం.

ఒక నోటు పుస్తకంలో గేదెకు ఒక పేజీ కేటాయించండి. ఈనిన తేదీ, ఎద తేదీ, సూది తేదీ, పాలు మానిన తేదీ రాసి ఉంచండి. రాయడం రానివారు బడికి వెళ్ళే పిల్లలచేత రాయించవచ్చు. అప్పు దరఖాస్తు మీద సంతకం పెట్టేముందు ఆ పేజీ తీసి, సంఘం కార్యదర్శితో కలిసి 450 రోజుల లెక్క వేయండి. ఆ లెక్కలో కూడా వాయిదా పోను ఇంటికి తగినంత మిగిలితే ధైర్యంగా కొనండి. మిగలకపోతే ఈ ఏడు ఆగండి. ఆగినందువల్ల గాటి దగ్గరున్న గేదె ఎక్కడికీ పోదు.