పంచాయతీ కంప్యూటరు మూగవోయినప్పుడు
లినక్సు కొత్త కూర్పు వేసిన పిదప ధ్వని రానిచో చేయవలసిన పరీక్షలు

గ్రామ పంచాయతీ కార్యాలయములో నేడు కంప్యూటరు దస్త్రముల బీరువా వలెనే నిత్యావసరమైన సామగ్రి. ఇంటి పన్నుల లెక్కలు, 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ పోర్టలులో పద్దుల నమోదు, పై అధికారులతో వీడియో సమావేశములు, ఇవన్నియు దానిపైననే జరుగుచున్నవి. అట్టి యంత్రము ఒకనాటి ఉదయమున మూగవోయినచో ఏమి చేయవలెనో ఈ పాఠములో వివరింపదలచితిమి.

ఒక గ్రామమును ఊహించుకొందము. రేపు గ్రామసభ. పంట తెగుళ్ల నివారణను గూర్చిన చలనచిత్రమును సభలో ప్రదర్శింపవలెనని పంచాయతీ తీర్మానించినది. క్రిందటి వారమే కార్యాలయపు లినక్సు కంప్యూటరునకు కొత్త కూర్పు వేసిరి. తెరపై బొమ్మ చక్కగా కదలుచున్నది, మాట మాత్రము వినబడుట లేదు. ఒక సభ్యుడు కొత్త స్పీకర్లు కొనుదమనును. మరియొకరు కంప్యూటరును కరీంనగరమునకు తీసికొనిపోయి అంతయు తుడిచివేసి మరల వేయింతమందురు. మొదటి సలహా వలన ధనము, రెండవ సలహా వలన దస్త్రములు నష్టపోవు ప్రమాదము కలదు. పెక్కు సందర్భములలో ఈ రెండును అనవసరమే.

ధ్వని ఏల ముఖ్యము

2011 జనాభా లెక్కల ప్రకారము నాటి ఆదిలాబాదు జిల్లాలో అక్షరాస్యత సుమారు 61 శాతము, నాటి కరీంనగరు జిల్లాలో సుమారు 64 శాతము. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలును చిన్న జిల్లాలుగా విభజింపబడినవి. పేర్లు మారినను, చదువురాని పెద్దలు నేటికిని ప్రతి గ్రామమునను ఉన్నారు. ఉట్నూరు, ఇంద్రవెల్లి ప్రాంతములలో గోండీ, కొలామీ భాషలు మాటలాడు కుటుంబములు గలవు. తెరపై తెలుగు అక్షరములు ఎన్ని కనబడినను వీరిలో పెక్కుమందికి సమాచారము చెవి ద్వారానే అందవలెను. కంప్యూటరు మూగయైనచో సభలో కూర్చున్నవారిలో కొందరు సభ వెలుపల నున్నట్లే యగును.

ఈ సంగతి మన దేశములో క్రొత్తది కాదు. 1956లో పూనా ప్రాంతపు గ్రామములలో ఆకాశవాణి, యునెస్కో సహాయముతో రేడియో గ్రామీణ గోష్ఠులను నడపినది. గ్రామస్థులు ఒకచోట చేరి రేడియో విని, విన్నదానిని చర్చించుకొనెడివారు. ఆనాడు రేడియో బ్యాటరీ నీరసించినచో గోష్ఠి ఆగిపోయెడిది. నేడు కంప్యూటరు విషయము కూడ అంతియే.

మరియొక కారణము గలదు. 2025 ఆగస్టులో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 'సభాసార్' అను సాధనమును ప్రవేశపెట్టినది. గ్రామసభలో రికార్డు చేసిన మాటల నుండి ఇది కార్యవాహి ముసాయిదాను సిద్ధము చేయును. కావున కంప్యూటరు మాటలాడుట మాత్రమే కాదు, వినుట కూడ పంచాయతీకి అవసరమైనది.

లినక్సు అనగా నేమి

కంప్యూటరులోని యంత్రభాగములను, మనము వాడు కార్యక్రమములను కలిపి నడపు మూల సాధనమును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. లినక్సు అట్టి వాటిలో ఒకటి. ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని ఆరంభించెను. దీనికి లైసెన్సు రుసుము లేదు. ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు ఈయవచ్చును. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ దీనిని తెలుగులోనికి తెచ్చుటకు కృషి చేసినది. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సీ-డాక్ 'బాస్' అను పేరుతో భారతీయ భాషలకు అనువైన లినక్సును తయారుచేసినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు లినక్సు పైననే కంప్యూటరు విద్య నేర్చుచున్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినందున, పాత కంప్యూటరులను పారవేయక వాటిపై లినక్సు వేసికొనువారు గలరు.

ధ్వని నడచు త్రోవ

శ్రీరామసాగరము నుండి కాకతీయ కాలువ ద్వారా దిగువ మానేరుకు నీరు వచ్చుట మనకు తెలిసినదే. చివరి మడికి నీరందనిచో తెలివిగల రైతు జలాశయమును నిందింపడు. తన మడి గండి నుండి మొదలిడి, పిల్లకాలువ, పెద్ద కాలువ, తూము వరకు ఒక్కొక్కటిగా చూచుకొనుచు పైకి నడచును. నీరు ఎక్కడ కనబడినదో అక్కడికి దిగువననే అడ్డున్నదని గ్రహించును.

కంప్యూటరులో ధ్వని కూడ అట్లే ప్రవహించును. మనము నడపు చలనచిత్రము జలాశయము వంటిది. దాని నుండి ధ్వని ముందుగా 'సౌండ్ సర్వర్' అను పంపకపు తూమునకు వచ్చును. ఏ కార్యక్రమపు ధ్వని ఏ స్పీకరునకు పోవలెనో అది నిర్ణయించును. తరువాత 'ఆల్సా' అను పెద్ద కాలువ. ఇది లినక్సు మూలభాగమైన కెర్నెలులోని ధ్వని విభాగము. అటుపిమ్మట కంప్యూటరులోని ధ్వని చిప్పు, తీగ, చివరకు స్పీకరు.

కొత్త కూర్పు వేయగా ధ్వని ఏల పోవును? పంపకపు తూమే మారుట ఒక కారణము. చాల యేండ్లు 'పల్స్ ఆడియో' అను సర్వరు వాడుకలో నుండెను. ఫెడోరా 2021లోను, ఉబుంటు 2022 అక్టోబరు కూర్పులోను దాని స్థానమున 'పైప్‌వైర్'ను ఉంచినవి. 2023లో వచ్చిన డెబియన్ 12 కూడ గ్నోమ్ తెరతో దానినే ఇచ్చినది. కావున ఉబుంటు 22.04 నుండి 24.04కు మారినవారికి తెలియకుండగనే తూము మారినది. పాత తూములో చేసిన అమరికలు కొత్తదానిలో ఉండకపోవచ్చును. కెర్నెలు కూడ కొత్తదగుట రెండవ కారణము.

ఇక రైతు వలె మడి నుండి మొదలిడుదము.

మొదటి పరీక్ష: స్పీకరు, తీగ

స్పీకరు తీగను కంప్యూటరు నుండి తీసి, చెవి తీగ పెట్టు రంధ్రము గల సెల్‌ఫోనునకు తగిలింపుడు. పాట వినబడినచో స్పీకరు మంచిదే. కొత్తది కొననక్కరలేదు. వినబడనిచో స్పీకరు విద్యుత్తు మీట, ధ్వని త్రిప్పుడు మీట, తీగ చూడుడు. మేజపై నుంచు కంప్యూటరులలో స్పీకరు తీగ సాధారణముగా ఆకుపచ్చ రంగు రంధ్రములో ఉండవలెను. గులాబి రంగు రంధ్రము మైకునకు.

రెండవ పరీక్ష: తెర మీది అమరిక

'సెట్టింగ్స్'లో 'సౌండ్' విభాగమును తెరువుడు. అచ్చట మూడు విషయములు చూడవలెను. ధ్వని మూయబడి యున్నదా? 'అవుట్‌పుట్' అనుచోట ఏ పరికరము ఎంపికయై యున్నది? పరీక్ష మీట నొక్కినప్పుడు శబ్దము వచ్చుచున్నదా?

కొత్త కూర్పు వేసిన పిదప తరచుగా కనబడు దోషము రెండవదానిలో ఉండును. తెరను కలుపు హెచ్‌డీఎంఐ తీగ బొమ్మతోపాటు ధ్వనిని కూడ మోయగలదు. కొత్త కూర్పు ఆ తీగనే ధ్వని మార్గముగా ఎంచుకొనవచ్చును. తెరలో స్పీకరు లేనిచో ధ్వని అక్కడకు పోయి వ్యర్థమగును. నీరు ఉన్నది, కాని వేరొక కాలువకు మరలినదన్నమాట. 'అనలాగ్' లేక 'స్పీకర్స్' అను పేరు గలదానిని ఎంచుకొన్నచో పని ముగియును. పరీక్ష శబ్దము వచ్చి చలనచిత్రపు ధ్వని మాత్రము రానిచో, ఆ చిత్రపు కిటికీలోనే ధ్వని మూయబడి యుండును.

మూడవ పరీక్ష: కాలువలో నీరున్నదా

'అవుట్‌పుట్' జాబితాలో 'డమ్మీ అవుట్‌పుట్' అను పేరొక్కటే కనబడినచో, సౌండ్ సర్వరునకు ఏ స్పీకరును కనబడుట లేదని అర్థము. అప్పుడు 'టెర్మినల్' అను కిటికీని తెరచి 'ఏప్లే' అను ఆదేశము నీయవలెను. ఎ, పి, ఎల్, ఎ, వై అను ఇంగ్లీషు చిన్న అక్షరములు కలిపి వ్రాసి, ఒక ఖాళీ విడిచి, అడ్డగీత, దానిని ఆనుకొని చిన్న ఎల్ వ్రాసి ఎంటర్ నొక్కుడు. ఇది దేనిని మార్చదు, ఉన్నదానిని చూపునంతే.

ధ్వని చిప్పు పేరు కనబడినచో కెర్నెలు దానిని గుర్తించినది, దోషము పై తూములోనో అమరికలోనో ఉన్నది. నాలుగవ, ఐదవ పరీక్షలు చేయుడు. సౌండ్ కార్డు లేదని సమాధానము వచ్చినచో నేరుగా ఆరవ పరీక్షకు పొండు.

నాలుగవ పరీక్ష: ఆల్సా మీటలు

టెర్మినలులో ఎ, ఎల్, ఎస్, ఎ, ఎం, ఐ, ఎక్స్, ఇ, ఆర్ అని కలిపి వ్రాసినచో 'ఆల్సామిక్సర్' తెరచుకొనును. ఎఫ్6 నొక్కి అసలు ధ్వని చిప్పును ఎంచుకొనుడు. నిలువు కమ్మీల క్రింద రెండు ఎం అక్షరములు కనబడినచో ఆ మార్గము మూయబడినదని గుర్తు. బాణపు మీటలతో 'మాస్టర్', 'స్పీకర్', 'హెడ్‌ఫోన్' అను వాటి వద్దకు పోయి, ఎం మీట నొక్కి తెరచి, పై బాణముతో ధ్వని పెంచుడు. 'ఆటో-మ్యూట్' అను మీట ఉన్నచో దానిని 'డిసేబుల్డ్' చేసి చూడుడు. చెవి తీగ తగిలియున్నదని చిప్పు పొరబడినప్పుడు ఈ మీటయే స్పీకరును మూసివేయును.

ఐదవ పరీక్ష: పంపకపు తూము

ముందుగా కంప్యూటరును ఒకమారు పూర్తిగా ఆపి మరల ప్రారంభింపుడు. ఫలితము లేనిచో 'పైప్‌వైర్', 'పైప్‌వైర్-పల్స్', 'వైర్‌ప్లంబర్' అను మూడు ప్యాకేజీలును ఉన్నవా యని చూడవలెను. కొత్త కూర్పు వేయునప్పుడు కరెంటు పోయినను, ఇంటర్నెట్టు ఆగినను స్థాపన సగములో నిలిచిపోవును. ఒక తూము తీసివేసి రెండవది పెట్టక మునుపే పని ఆగిన స్థితి ఇది. అసంపూర్తి స్థాపనను పూర్తిచేయు ఆదేశములు ఉబుంటు, డెబియన్, బాస్ అన్నిటిలోను కలవు. ఈ పనిని కొంత అనుభవము గలవారిచే చేయించుట మేలు.

ఆరవ పరీక్ష: కెర్నెలు, ఫర్మ్‌వేరు

కొత్త కెర్నెలు వచ్చినను సాధారణముగా పాతది కూడ కంప్యూటరులో మిగిలి యుండును. యంత్రము ప్రారంభమగునప్పుడు షిఫ్ట్ గాని ఎస్కేప్ గాని నొక్కినచో ఒక పట్టిక వచ్చును. అందు 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' క్రింద పాత కెర్నెలును ఎంచుకొనుడు. ధ్వని వచ్చినచో దోషము కొత్త కెర్నెలుకు సంబంధించినదే. దానిని సవరించు నవీకరణ వచ్చువరకు పాతదానితో పని గడుపుకొనవచ్చును.

ఇటీవలి లాప్‌టాపులలో పెక్కింటికి ధ్వని చిప్పు పనిచేయుటకు 'ఫర్మ్‌వేరు' అను చిన్న ఫైలు అవసరము. డెబియన్ 12లో అట్టి ఫైళ్లను 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' అను ప్రత్యేక విభాగమునకు మార్చిరి. డెబియన్ 11 నుండి మారువారు ప్యాకేజీల జాబితాలో ఈ విభాగమును చేర్చుకొననిచో వారికి కొత్త ఫర్మ్‌వేరు అందదు. ఇంటెల్ చిప్పు గల లాప్‌టాపులకు తరచుగా కావలసిన ప్యాకేజీ పేరు 'ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్'.

మైకు సంగతి

స్పీకరు పలికినంత మాత్రమున మైకు విన్నదని భావింపరాదు. 'సౌండ్' విభాగములోనే 'ఇన్‌పుట్' అను మరియొక జాబితా కలదు. సరియైన మైకును ఎంచుకొని మాటలాడినప్పుడు అచ్చటి గీత కదలవలెను. సభకు ముందు ఒక నిమిషము రికార్డు చేసి, మరల విని సరిచూచుకొనుట ఉత్తమము.

చేయగూడనివి, చేయదగినవి

పంచాయతీ దస్త్రములకు ప్రతి తీయక కంప్యూటరును తుడిచి మరల వేయుటకు ఎవరికిని అనుమతి నీయరాదు. అర్థము తెలియని ఆదేశములను ఎక్కడనో చూచి టెర్మినలులో వ్రాయరాదు. ముఖ్యముగా 'సుడో' అను మాటతో మొదలగు ఆదేశము సర్వాధికారముతో నడచును. చెక్కుపై సంతకము చేయుటకు ముందు చదువునట్లే దానిని కూడ చదివి తెలిసికొనవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేసినచో ఏది ఫలించినదో, ఏది చెరచినదో తెలియదు. ఒక్కొక్క మార్పును నోటుపుస్తకములో వ్రాసికొనుడు.

గ్రామసభ, ఆడిట్, పన్ను వసూలు జరుగు వారములో కొత్త కూర్పు వేయరాదు. వేయుటకు ముందు ఆ కూర్పును పెన్‌డ్రైవులో నుంచి, కంప్యూటరులో స్థాపింపకయే నడిపి చూడవచ్చును. దీనిని 'లైవ్' పద్ధతి యందురు. అందులో ధ్వని వచ్చినచో ఆ కూర్పు మన ధ్వని చిప్పును గుర్తించుచున్నదని ముందే తెలియును.

సహాయము కావలసినప్పుడు మన గ్రామపు విద్యార్థులను అడుగుటకు సంకోచింపరాదు. 2008లో బాసరలో స్థాపితమైన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయములో గ్రామీణ ప్రాంతముల బాలబాలికలు అనేకులు చదువుచున్నారు. సెలవులకు వచ్చినప్పుడు వారు ఒక పూట కార్యాలయములో కూర్చున్నచో అందరికిని మేలు. వారు చేసి పోవుట చాలదు, చేసిన పనిని కార్యదర్శికిని, ఒక సభ్యునికిని చూపించి పోవలెను.

ఇక మనము ఊహించుకొన్న గ్రామమునకు మరలుదము. అచ్చట స్పీకరును సెల్‌ఫోనునకు తగిలించి చూచిరి, పాట పలికినది. 'అవుట్‌పుట్' జాబితా తెరువగా హెచ్‌డీఎంఐ ఎంపికయై యుండెను. దానిని మార్చిన వెంటనే మాట వినబడినది. పంచాయతీ నిధుల నుండి ఒక్క రూపాయియు వ్యయము కాలేదు, మరునాడు సభలో చదువురాని రైతులు కూడ తెగులు మందు ఎంత మోతాదులో కలుపవలెనో చెవులార వినగలిగిరి. ప్రతిసారియు దోషము ఇంత సులభముగా దొరకకపోవచ్చును. అయినను మడి నుండి తూము వరకు వరుసగా నడచినవారికి అడ్డు ఏ చోట నున్నదో తెలియును. ఈ పరీక్షలను ఒక కాగితముపై వ్రాసి కార్యాలయపు గోడపై అంటించుకొనవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.